పంచామృతంలో తడిసిన తాళంచెవి

ఆ రోజుల్లో మా వైపు కారు గురించి తెలుసుకోవలసింది పెద్దగా ఏమీ ఉండేది కాదు. పెళ్ళిళ్ళకు హోసూరు నుంచి అద్దెకు వచ్చే తెల్ల కారే మాకు తెలిసిన కారు. దాని తలుపు ఒకసారి వేస్తే పడదు, రెండోసారి వేయాలి. అద్దం దించాలంటే పిడి తిప్పాలి, ఆ పిడి చేతికి ఊడి వస్తే మెల్లగా డ్రైవరు చేతికిచ్చి మర్యాదగా కూర్చోవాలి. అంతే విద్య. ఇప్పటి పిల్లలు కొత్త కారు ఎక్కగానే దాంతో మాట్లాడుతున్నారు, అది బదులు కూడా చెబుతోంది, అయినా వాళ్ళకు ఆశ్చర్యం లేదు. మాకు మాత్రం ఎక్కడో ఒక మీట లాగితే ఇంకెక్కడో ఒక మూత తెరుచుకుంటే చాలు, ఆ పూట అన్నం సహించేది కాదు. ఆ సంబరం నిండుగా అనుభవించినదాన్ని కాబట్టి, దాంతోపాటు జరిగిన అవమానం చెప్పుకోవడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు (అప్పుడు చాలా ఉండింది).

మాది తళి దగ్గర ఒక పల్లె. క్యాబేజీ, బీన్సు పండించే ఉమ్మడి కుటుంబం. రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్ళకు మా పెదనాయన గ్రీన్‌హౌసులో గులాబీలు వేశాడు. అవి బెంగళూరులో బాగా అమ్ముడుపోయిన ఉత్సాహంలో హోసూరు వెళ్ళి కొత్త కారుకు మాట ఇచ్చి వచ్చాడు. ఆయనకు డ్రైవింగు రాదు. సైకిలు దిగాలన్నా ఏదో ఒక గోడ చూసుకుని దిగే మనిషి. ఇంట్లో బండి తోలగలిగినవాడు ఆయన కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. క్యాబేజీ టెంపో నడుపుతాడు కాబట్టి ఊరంతా వాడిని టెంపో అన్న అనేది, నేను కూడా. ఇక నేను డిప్లొమా ముగించి హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ట్రెయినీగా చేరిన ఇరవై ఏళ్ళ పిల్లను. అక్కడ నా పని వైర్ల కట్టకు ఒక చిన్న బల్బు తగిలించడం, వెలిగితే టిక్కు పెట్టడం, వెలగకపోతే అడ్డగీత గీయడం. ఇంట్లోవాళ్ళు మాత్రం నేను ఏకంగా ఇంజన్లే తయారు చేస్తున్నానని అనుకునేవాళ్ళు. కాదని నేను ఎన్నడూ చెప్పలేదు.

కారు వస్తోందని తెలిసిన రోజు నుంచీ నాకు ఒకటే కోరిక, దాన్ని నేను నడపాలి. మా ఇంట్లో ఆడవాళ్ళు స్టీరింగు పట్టుకుని ఎరుగరు. అడిగితే నవ్వుతారని తెలిసి, మా అమ్మకు ఒక్కదానికే చెప్పి, షిఫ్టు అయ్యాక హోసూరులోని డ్రైవింగు స్కూల్లో చేరాను. అక్కడి మాస్టరు వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉండేవి. ఆ ఇరవై రోజులూ బండిని నేను నడిపానో ఆయన నడిపాడో నాకు ఇప్పటికీ తేలలేదు. లైసెన్సు మాత్రం నా పేరుకే వచ్చింది. అది తీసుకెళ్ళి పెదనాయన ముందు పెట్టాను. ఆయన దాన్ని ముందూ వెనకా తిప్పి చూసి, టెంపో అన్నను కూడా పిలిచి, అందరి ఎదుటా ఒక మాట అన్నాడు.

"చూడండప్పా, ఇది టెంపో కాదు. ఈ బండిలో యాడ ఏముండాదో ఎవురికి పూర్తిగా తెలుస్తాదో, వాళ్ళ చేతికే బీగంచెవి. కొడుకా, తమ్ముని బిడ్డా అని నేను చూడను. శుక్రవారం పూజ. ఆ పొద్దు నిమ్మకాయల మీద బండి తోలేది ఎవురో అప్పటికి తేలిపోవల్ల."

టెంపో అన్న పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు తెలుసు, ఇంత చక్కని అవకాశం మా ఇంట్లో ఇంకో ఇరవై ఏళ్ళ దాకా రాదు.

బుధవారం సాయంత్రం కారు వచ్చింది, మిరపపండు రంగులో నిగనిగలాడుతూ. దాంతోపాటు డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరులో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. టెంపో అన్న దాన్ని చూసి, నాతో "బండి నేర్పిచ్చేది రోడ్డు మే, బుక్కు కాదు" అని అటక మీదికి విసిరేశాడు. ఆ రాత్రే నేను దాన్ని దించుకున్నాను. మరునాడు బస్సులో హోసూరు పోతూ, వస్తూ, మధ్యాహ్నం క్యాంటీనులో, చదివిందే చదివాను. ముఖ్యమైన పేజీల మధ్య బస్సు టికెట్లు పెట్టుకున్నాను. నాతో పనిచేసే అమ్మాయిలు నేను ఏదో సర్కారు పరీక్షకు కూర్చుంటున్నానని అనుకుని జాలిగా ఒక వడ ఎక్కువ పెట్టారు. ఆ పుస్తకంలో ఎన్ని రహస్యాలని! వెనక వచ్చే బండి లైటు కళ్ళలో పడకుండా లోపలి అద్దం కింద ఒక చిన్న మీట ఉందట. ఇంజను ఆపి దిగినా మనం ఇంట్లోకి చేరేదాకా ముందు లైట్లు వెలుగుతూ ఉంటాయట. తాళంచెవిలో ఒక చిప్పు ఉంటుందట, దానిని బండి గుర్తుపడితేనే ఇంజను కదులుతుందట. చదువుతుంటే నా గుండె దడదడలాడేది. పక్క సీటులో క్యారెట్టు బస్తా పట్టుకుని కూర్చున్న పెద్దాయనకు కూడా రెండు మూడు చెప్పాను (ఆయన మత్తికెరెలో దిగాల్సినవాడు ముందు స్టాపులోనే దిగిపోయాడు).

అటు టెంపో అన్న చేతులతో చదువుతున్నాడు. కనబడిన ప్రతి మీటా లాగడం, ప్రతి బొత్తామూ నొక్కడం. పెట్రోలు పోయించడానికి తీసుకెళ్ళి, ట్యాంకు మూత ఎలా తెరవాలో తెలియక, సీటు పక్కనున్నది లాగితే డిక్కీ తెరుచుకుందట, కాళ్ళ దగ్గరది లాగితే బానెట్టు లేచిందట. పక్కన కూర్చున్న పెదనాయన, "ముందు నోరు తెరిచింది, వెనక నోరు తెరిచింది, తాగే నోరు మాత్రం తెరవదేమప్పా" అని విసుక్కున్నాడట. చివరికి ఆ మూతను ఊరికే వేలితో నొక్కితే చాలని బంకులో ఎవరో చెప్పారు. పెదనాయన సిగరెట్టు అంటించే బిళ్ళను ఏమిటా అని లాగి చూపుడువేలు కాల్చుకున్నాడు. పెద్దమ్మ అయితే ఏసీ వేస్తే డాష్‌బోర్డు అర కూడా చల్లబడుతుందని కనిపెట్టి, తలలో పెట్టుకోబోయే కనకాంబరాలు తెచ్చి అందులో దాచింది. గురువారం సాయంత్రం బండి ఆపి అందరం అరుగు మీదికి వచ్చాక లైట్లు ఇంకా వెలుగుతుంటే "బ్యాటరీ పోతుందిరా" అని పెదనాయన పరుగెత్తబోయాడు. నేను ఆయన్ని చెయ్యి పట్టి ఆపి, "ఉండు పెదనాయనా, ముప్పై లెక్కబెట్టు" అన్నాను. ఇల్లంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. ఇరవై తొమ్మిదికి లైట్లు టక్కున ఆరిపోయాయి. ఆ క్షణంలో పెదనాయన నన్ను చూసిన చూపు ఉందే, ఏ పరీక్ష పాసయినా నాకు అంత సంతోషం కలగలేదు. టెంపో అన్న మొహం మాడిపోయింది.

ఆ చూపు తలకెక్కింది. వెంటనే ఇంకో విద్య ప్రదర్శించాను. ఊళ్ళో పిల్లలంతా వెనక సీటులో ఎక్కి దూకుతున్నారు. వెనక తలుపు అంచులో ఒక చిన్న సందు ఉంటుంది, అందులో తాళంచెవి పెట్టి తిప్పితే ఆ తలుపు ఇక లోపలినుంచి తెరుచుకోదు, బయటినుంచే తెరవాలి. రెండు వైపులా తిప్పి, పిల్లలను లోపల కూర్చోబెట్టి, తెరవండి చూద్దాం అన్నాను. ఎవరివల్లా కాలేదు. చప్పట్లు కొట్టారు. పిల్లలను దించి నేను అన్నం తినడానికి వెళ్ళాను. తిప్పినదాన్ని మళ్ళీ వెనక్కి తిప్పాలన్న మాట పుస్తకంలో ఉంది, నా బుర్రలో లేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకంతా కారు మా ఊరి వినాయకుడి గుడి ముందుంది. పదిన్నరకు రాహుకాలం మొదలు. ఆ లోపల పూజ ముగించి, చక్రాల కింది నిమ్మకాయలు తొక్కించి, బండి కదిలించాలి. పూజ వేళకు కొత్త బండిలో ముందుగా కూర్చోవలసింది ఇంట్లో పెద్ద ముత్తైదువ లేదా పెద్ద వయసు మనిషి అని మా ఇంటి ఆనవాయితీ కాబట్టి, మా అవ్వను (పెదనాయన తల్లి, చెవులు కాస్త మందం) వక్కాకు సంచితో సహా వెనక సీటులో కూర్చోబెట్టాం. చలిగాలి తగలకుండా అద్దాలు ఎత్తి తలుపులు వేశాం. గంధం, కుంకుమ పెట్టే పని నేను అడిగి తీసుకున్నాను. పుస్తకంలో బండి భాగాలు ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే బొట్లు పెట్టుకుంటూ వచ్చాను. బానెట్టు, లైట్లు, అద్దాలు, నాలుగు తలుపులు. డ్రైవరు తలుపు తాళం రంధ్రం దగ్గరికి వచ్చేసరికి భక్తి పొంగి, ఇదే కదా బండికి ప్రాణం అనుకుని, గంధం ముద్ద బాగా మెత్తి వేలితో లోపలికి నొక్కాను.

ఈలోపు టెంపో అన్న జనానికి రిమోటు చూపిస్తున్నాడు. నొక్కితే బండి కుయ్ అంటుంది, నాలుగు తలుపులూ టప్ మని పడతాయి. "ఇంకొకసారి అన్నా" అంటే ఇంకొకసారి. అలా కుయ్ కుయ్‌మనిపిస్తూ ఉండగానే పూజారప్ప వచ్చి, "బీగంచెవి ఇటు తెండప్పా, స్వామి పాదాల దగ్గర పెట్టవల్ల" అని అన్న చేతిలోంచి తీసుకుని గుడిలోకి వెళ్ళిపోయాడు. ఆఖరి కుయ్ బండి మూసింది.

పది నిమిషాలకు పూజారప్ప పళ్ళెంలో తాళంచెవి తెచ్చాడు. దాని మీద పువ్వు, పువ్వు కింద కుంకుమ, కుంకుమ కింద తడి. స్వామికి చేసిన పంచామృతాభిషేకంలో తాళంచెవికి కూడా రెండు ఉద్ధరిణెలు ఎక్కువే పోశానని ఆయన సంతోషంగా చెప్పాడు. పాలు, పెరుగు, తేనె, చక్కెర, అరటిపండు. టెంపో అన్న దాన్ని పంచెకు తుడిచి నొక్కాడు. కుయ్ లేదు. ఇంకోసారి నొక్కాడు. బొత్తాం లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. సరే అని రంధ్రంలో పెట్టబోయాడు. సగం కూడా దూరలేదు. నేను మెత్తిన గంధం పొద్దుటి గాలికి గట్టిపడి కూర్చుంది, మిగతా తలుపులకు రంధ్రమే లేదు.

"ఎవురు మే ఈడ గంధం కుక్కింది?" అని అరిచాడు అన్న.

"నువ్వెందుకు అవ్వ లోపలుండంగా బీగమేసినావు?" అని నేనూ అరిచాను.

"రెండో బీగంచెవి యాడ ఉండాది?" అని మా అమ్మ అడిగింది. అందరం పెదనాయన వైపు తిరిగాం. ఆయన కండువా సర్దుకుని, "ఇంట్లో పెడితే పోతాదని, భద్రంగా ఉంటాదని, బండి అరలోనే పెట్టినాను" అన్నాడు మెల్లగా.

అవ్వను తలుపు తెరవమని సైగ చేశాం. ఆమె పిడి లాగింది, తెరుచుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నిన్నటి చప్పట్లు. అయినా చెప్పాలి కదా, చెప్పాను. టెంపో అన్న నన్నొక చూపు చూశాడు, ఇందాకటి కోపం కాదు, పాపం ఇది కూడా నాలాగే అనే చూపు. ముందు సీటు వైపు వంగి అక్కడి తలుపు తెరవమని అందరం కలిసి చేతులు ఊపాం. అవ్వకు మా మాటలు వినబడవు. ఇంత మంది చేతులెత్తి ఊపుతుంటే దండం పెడుతున్నారనుకుని, రెండు చేతులూ ఎత్తి మమ్మల్ని చల్లగా దీవించింది. తర్వాత వెనక్కి జరిగి కూర్చోబోతే సీటు మధ్యలో ఉన్న పట్టీ ఆమె చేతికి తగిలి, అక్కడొక మెత్తటి చేతి దిండు కిందికి దిగింది. దాంట్లో రెండు గుండ్రటి గుంటలు. అవ్వ కాసేపు వాటిని తడిమి చూసి, ఒక గుంటలో సున్నం డబ్బీ, ఇంకో గుంటలో వక్కల డబ్బీ పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. ఆకుకు సున్నం రాసుకుంటూ అద్దంలోంచి మా వైపు చూసి, భలే ఉంది అన్నట్టు తల ఊపింది. మూడు వందల పేజీలు చదివిన నాకు ఆ దిండు సంగతి తెలియనే తెలియదు.

గడియారం పదీ పది దాటింది. పెదనాయనకు చెమటలు పట్టాయి. "అమ్మకు లోపల గాలి ఆడతాదా? అద్దం పగలగొట్టండప్పా, అద్దం పోతే పోనీ" అని దిష్టికి తెచ్చిన కొబ్బరికాయ ఎత్తాడు. "పూజ పొద్దే అద్దం పగిలితే ఎట్లా" అని పెద్దమ్మ ఏడుపు మొదలుపెట్టింది. ఆయన చెయ్యి పైకి లేవడం చూశాను, అవ్వ నింపాదిగా ఆకు నములుతోంది, నా బుర్రలో బస్సు టికెట్లు పెట్టిన పేజీలు ఒకటొకటే తిరిగాయి. క్యారెట్టు బస్తా పెద్దాయనకు చెప్పిన పేజీ దగ్గర ఆగింది.

"పెదనాయనా, ఒక నిమిషం!" అని అన్న చేతిలోంచి తాళంచెవి లాక్కుని బండి వెనక్కి పరుగెత్తాను. డిక్కీ మధ్యలో కంపెనీ బొమ్మ ఉంటుంది కదా, దాన్ని పట్టి తిప్పబోయాను. "బొమ్మను పెరకొద్దు మే!" అని వెనకనుంచి నాలుగు గొంతులు. బొమ్మ పక్కకు జరిగింది. దాని వెనక బుజ్జి తాళం రంధ్రం, గంధం లేని రంధ్రం. పుస్తకం అబద్ధం చెప్పలేదు! తాళం తిరిగింది, డిక్కీ లేచింది, ఆ వెంటనే బండి దొంగ దూరినట్టు పీపీపీమని గోల మొదలుపెట్టింది. గుడి ముందున్న కుక్కలు దానికి వంత పాడాయి. నేను ఆగలేదు. కొత్త చుడీదారుతో, దిష్టికని అందులో పెట్టిన గుమ్మడికాయ మీదుగా డిక్కీలోకి ఎక్కి, లోపలున్న పట్టీ లాగితే, అవ్వ కూర్చోని వైపు సీటు వీపు ముందుకు వాలింది. ఆ సందులోంచి తల ముందు పెట్టి పాకుతూ కారులోకి వచ్చాను. అవ్వ నమలడం ఆపి నన్ను చూసింది.

"ఏమ్మే పాపా, ఇన్ని వాకిళ్ళు ఉండంగా ఈ సందులో వస్తావేమి?"

సీట్ల మధ్య నుంచి డ్రైవరు సీటులోకి జారాను. బండి చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. రిమోటు చచ్చినా తాళంచెవిలోని చిప్పు బతికే ఉంటుందని పుస్తకంలో ఉంది. ఉంటుందా? తేనెలో కూడానా? జిగటగా ఉన్న ఆ తాళంచెవిని పెట్టి, క్లచ్చు తొక్కి, వినాయకుడిని తలుచుకుని తిప్పాను. ఇంజను పలికింది. గోల ఆగిపోయింది. ఒక్కసారిగా అంత నిశ్శబ్దంలో బయట అందరి మొహాలూ నా వైపే ఉన్నాయి.

తలుపు తెరిచాను. టెంపో అన్న వచ్చి, "దిగు మే, అయిదు నిమిషాలే ఉండాది, నేను తోలతాను" అన్నాడు. దిగబోయాను కూడా, చెప్పొద్దూ, అంతవరకే నా ధైర్యం. వెనకనుంచి అవ్వ గొంతు వచ్చింది. "కూకున్న బిడ్డను లేపొద్దప్పా, శకునం కాదు. పోనీమ్మా పాపా." పెదనాయన గడియారం చూశాడు, కొబ్బరికాయ కింద పెట్టాడు, "పోనీమ్మా" అన్నాడు.

మొదటి గేరు వేశాను. పక్కన మాస్టరు లేడు, ఆయన బ్రేకు లేదు. క్లచ్చు వదులుతుంటే బండి మూలుగుతోంది, కదలదు. టెంపో అన్న అద్దం దగ్గరికి వంగి, ఎవరికీ వినబడకుండా, "హ్యాండు బ్రేకు మే" అన్నాడు. ఆ మాట వాడు గట్టిగా అని నా పరువు తీయొచ్చు. తీయలేదు. బ్రేకు దించాను. బండి ఒక్క గెంతు గెంతి నిమ్మకాయల మీదుగా పోయింది, టప్, టప్, టప్, టప్, నాలుగూ లెక్కపెట్టాను. అక్కడినుంచి పాల సొసైటీ దాకా, అంటే వంద గజాలు, పక్కన టెంపో అన్న పరుగెత్తుతూ, వెనక అవ్వ సున్నం డబ్బీ పట్టుకుని కూర్చుని, నేను కేకలు పెడుతూ పోయాను. ఆపడం మాత్రం చాలా చక్కగా ఆపాను (ఇంజను దానంతటదే ఆగింది).

ఆ సాయంత్రం అరుగు మీద తీర్పు. పెదనాయన తాళంచెవి చేతిలో పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఒకరు బీగమేసినారు, ఒకరు వాకిలి కట్టేసినారు. నేను బీగంచెవి లోపల పెట్టినాను. బండిలో కూర్చుని కనుక్కున్నది అమ్మ ఒకతే" అని దాన్ని అవ్వ వక్కాకు సంచిలో వేశాడు. అప్పటినుంచి అవ్వను అడిగితేనే కారు. గులాబీలు పోయే రోజుల్లో టెంపో అన్నకు, ఆదివారాలు నాకు. వాడు నాకు మలుపుల్లో గేరు మార్చడం నేర్పాడు, నేను వాడికి పుస్తకం చదివి చెప్పాను. ఆ తాళంచెవి ఉన్న సంచి గోడకు తగిలిస్తే పదిహేను రోజులు చీమలు బారులు కట్టేవి.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. పోయిన నెల టెంపో అన్న కూతురు తన సంపాదనతో కొత్త కారు కొనుక్కుంది. అదే గుడి ముందు పూజ. గంధం గిన్నె నా చేతికే ఇచ్చారు. వయసు మీద పడ్డాక బుద్ధి వచ్చింది కదా అని, బొట్టు పెట్టే ముందు తాళం రంధ్రం ఎక్కడుందో చూసి తప్పించాలని వెతికాను. లేదు. ఈ బండికి తాళం రంధ్రమే లేదట, ఆ పిల్ల దగ్గరికి పోతే చాలు అదే తెరుచుకుంటుందట. వేలి మీద గంధం ఆరిపోతోంది. వెనక్కి వెళ్ళి డిక్కీ మీది బొమ్మను పట్టి తిప్పి చూశాను, కదల్లేదు, దాని వెనక ఏమీ లేదు. అవ్వ పేరు చెప్పుకుని, ఆ బొమ్మ కిందనే గంధం మందంగా మెత్తాను.

మా మేనకోడలు లోపల కూర్చుని రివర్సు వేసి, "అత్తా, కెమెరాలో అంతా పసుపుగా ఉండాది, పొగమంచా?" అని అరిచింది. టెంపో అన్న నా వైపు చూసి తల పట్టుకున్నాడు. నేను వంగి పైట కొంగుతో ఆ బొమ్మ కింద తుడవడం మొదలుపెట్టాను. "ఆ, ఇప్పుడు తెలుస్తాంది" అంది ఆ పిల్ల లోపలినుంచి. "అత్తా, తెర నిండా నీ మొహమే ఉండాది. ఎందుకు నవ్వతా ఉండావు?"